అనగనగా కథలు ఇప్పటి పిల్లలకు ఎందుకు? పర్లాకిమిడి తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో మా ఇంటి అరుగు మీద ఆదివారం సాయంత్రాలు పిల్లలకు కథలు చెబుతాను. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడే పిల్లలు. వాళ్లను దింపడానికి వచ్చిన తల్లిదండ్రులు గుమ్మం దగ్గర నిలబడి అడిగే ప్రశ్నలే ఇవి. నిలబడి చెప్పే జవాబు ఎప్పుడూ సగంలో తెగిపోతుంది. అందుకని తీరికగా కూర్చుని రాశాను. బరంపురం, గుణుపురం, రాయగడల నుంచి ఫోను చేసి అడిగినవాళ్ల ప్రశ్నలు కూడా కలిపాను.

రాజులు పోయారు, రాజ్యాలు పోయాయి. ‘అనగనగా ఒక రాజు’ అంటే ఇప్పటి పిల్లలకు ఏం పనికొస్తుంది?

ఏడు చేపల కథ తీసుకోండి. మీకూ నాకూ తెలిసిందే. అందులో రాజు మొదటి వాక్యంతోనే తప్పుకుంటాడు. ఏడుగురు కొడుకులు వేటకు వెళ్లి ఏడు చేపలు తెస్తారు, ఎండబెడతారు, ఒకటి ఎండదు. అక్కడి నుంచి కథంతా ఒకే ఒక్క మాట మీద నడుస్తుంది: ఎందుకు? చేపా చేపా ఎందుకు ఎండలేదు? గడ్డిమేటు అడ్డం వచ్చింది. గడ్డిమేటా, ఎందుకు అడ్డం వచ్చావు? ఆవు మేయలేదు. ఆవును పాలేరు విప్పలేదు, పాలేరుకు అవ్వ అన్నం పెట్టలేదు, అవ్వ దగ్గర పిల్లవాడు ఏడుస్తున్నాడు, పిల్లవాణ్ణి చీమ కుట్టింది. చీమను అడిగితే, నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా అంటుంది.

కొన్నేళ్ల కిందట మా అమ్మ పేరు ఒక కాగితంలో తప్పు పడింది. తెలుగులో ఉన్న పేరు ఒడియాలోకి, అక్కడి నుంచి ఇంగ్లీషులోకి వెళ్లేసరికి ఒక అక్షరం మారిపోయింది. సరిహద్దు ఊళ్లలో ఇది చాలా ఇళ్లలో ఉన్న బాధే. దాన్ని దిద్దించడానికి ఒక కార్యాలయం చుట్టూ నెలల తరబడి తిరిగాను. గుమాస్తా, పై అధికారి సంతకం కాలేదన్నారు. అధికారి, పాత రిజిస్టరు తన దాకా రాలేదన్నారు. రిజిస్టరు ఉన్న గదికి తాళం వేసి ఉంది, తాళంచెవి ఉన్నాయన సెలవులో ఉన్నారు. వరండాలో బల్ల మీద కూర్చుని ఉండగా నాకు గడ్డిమేటు గుర్తుకొచ్చింది. ఇక్కడ ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ప్రతివాళ్లకూ ఒక కారణం ఉంది, ఆ కారణం ఇంకొకరి దగ్గర ఉంది. ఆ తరువాత నేను గట్టిగా మాట్లాడటం మానేసి, మీ దగ్గర ఎందుకు ఆగిందని ఒక్కొక్కరినీ అడుగుతూ పోయాను. తాళంచెవి దగ్గరకు చేరాక పని రెండు వారాల్లో అయింది.

ఈ కథ మా అరుగు మీద చెప్పినప్పుడు ఒక ఎనిమిదేళ్ల పాప నన్ను ఆపింది. “మామ్మా, ఆ పిల్లవాడు పుట్టలో వేలు ఎందుకు పెట్టాడు?” అని అడిగింది. చీమ మాటతో కథ అయిపోతుందని మనం అనుకుంటాం, కానీ ప్రశ్న అక్కడ కూడా ఆగదు. తెలియదమ్మా, నువ్వే చెప్పు అన్నాను. పక్కన కూర్చున్న పిల్లవాడు చెప్పాడు: “అందరూ చేప వైపే చూస్తున్నారు కదా, వాణ్ణి ఎవరూ చూడలేదు.”

అరవై ఏళ్లుగా నాకు తెలిసిన కథలో ఆ మాట నాకు ఎన్నడూ తట్టలేదు. ఆ రాత్రి ఇంటికి వెళ్లిన తల్లిదండ్రుల్లో ఎంతమంది ఆ మాట విన్నారో గాని, విన్నవాళ్లు నిద్రపోయి ఉండరు. పాత కథ ఇప్పటికీ ఎందుకు నడుస్తుందని నన్ను అడిగితే ఇదే చెబుతాను. దాని నడుమ ఎవరూ పూరించని ఒక ఖాళీ ఉంటుంది. ఏ కాలం పిల్లలు ఆ కాలపు మాట తెచ్చి అందులో పెడతారు.

అయితే పాత కథలన్నీ నిలుస్తాయా?

నిలవవు. మా నాన్న చెప్పిన కథల్లో సగం నేను మరచిపోయాను, నేను చెప్పేవాటిలో కొన్ని పిల్లలు రెండోసారి అడగరు. దొరగారి దానగుణాన్ని పొగిడే కథలు, ఏ వంశం ఎంత గొప్పదో ఏకరువు పెట్టే కథలు వినేవాళ్లు ఇప్పుడు లేరు. అవి చెప్పించుకున్నవాళ్ల కోసం పుట్టాయి, వాళ్లతోనే పోయాయి.

నిలిచిన వాటిలో పేదరాశి పెద్దమ్మ ఉంది. రాజకుమారుడు ఊరు కాని ఊరు చేరతాడు, చీకటి పడుతుంది, ఊరి చివర ఒక ముసలామె గుడిసెలో దీపం ఉంటుంది. ఆమె కులం, గోత్రం అడగకుండా అన్నం పెట్టి, ఆ ఊళ్లో ఎవరితో ఎలా మెలగాలో చెబుతుంది. గంజాం జిల్లా నుంచి సూరత్‌ మగ్గాల పనికి వెళ్లినవాళ్లు లేని వీధి లేదు. సూరత్‌లో పనిచేసి పండక్కి వచ్చిన ఒక అబ్బాయి తన తమ్ముడి కోసం వచ్చి, ఈ కథ జరుగుతుండగా అరుగు చివర నిలబడిపోయాడు. అయిపోయాక నాతో అన్నాడు, అక్కడ దిగిన మొదటి రాత్రి స్టేషను బయట తనకు అలాంటి మనిషే కావలసి వచ్చిందని. ఎవరైనా దొరికారా అని అడగబోయి, అతని ముఖం చూసి ఊరుకున్నాను.

కథ చివర నీతి ఎందుకు చెప్పరు? బడిలో చెబుతారు కదా.

బడిలో చెబుతారు కాబట్టే నేను చెప్పను. ధర్మపదుడి కథలో ఏమైందో చూడండి.

ఒడియా పిల్లలందరికీ ఈ కథ కంఠతా వస్తుంది. కోణార్కలో సూర్యదేవాలయం కడుతున్నారు. 13వ శతాబ్దంలో గంగరాజు నరసింహదేవుడు కట్టించిన గుడి అది. పన్నెండు వందలమంది శిల్పులు పన్నెండేళ్లు పనిచేశారని కథ. చివరికి శిఖరం మీద కలశపు రాయి నిలవదు. తెల్లారేలోగా నిలబెట్టకపోతే పన్నెండు వందలమంది తలలూ తీయిస్తానని రాజు ఆజ్ఞ. ఆ సమయానికి పెద్ద శిల్పి బిశు మహారణా కొడుకు ధర్మపదుడు, పన్నెండేళ్లవాడు, పుట్టాక తండ్రి ముఖం చూడనివాడు, వెతుక్కుంటూ వస్తాడు. రాత్రికి రాత్రి ఆ రాయి నిలబెడతాడు. అందరూ సంతోషించాలి. కానీ పన్నెండు వందలమందికి చేతకానిది ఒక పిల్లవాడు చేశాడని రాజుకు తెలిస్తే తమ గతి ఏమిటని శిల్పులు భయపడతారు. వాళ్ల ప్రాణాల కోసం ధర్మపదుడు శిఖరం మీద నుంచి సముద్రంలోకి దూకేస్తాడు.

దీనికి త్యాగం అని పేరు పెట్టి బడిలో ముగిస్తారు. త్యాగమే, కాదనను. నేను మాత్రం కథ చెప్పి ఊరుకున్నాను. పదో తరగతికి వచ్చిన ఒక కుర్రవాడు చాలాసేపటికి అడిగాడు: “వాళ్ల నాన్న అక్కడే ఉన్నాడు కదా. వద్దు అని ఎందుకు అనలేదు?”

ఎవరూ మాట్లాడలేదు. చిన్నపిల్లలు కూడా కదలలేదు. పరీక్షలకు నెల రోజులు ఉంది. ఆ పిల్లవాడి మీద ఇంట్లో ఎంత బరువు ఉందో వీధికంతా తెలుసు. బిశు మహారణా ఒక వైపు పన్నెండు వందలమందిని, ఇంకో వైపు కొడుకును చూస్తూ నోరు మెదపలేకపోయిన ఆ క్షణం, మా అరుగు మీద ఉన్న ప్రతి తండ్రికీ తాకింది. ఆ కుర్రవాడి తండ్రి ఆ తరువాత నా దగ్గరకు వచ్చి ఏమీ అనలేదు. కొడుకు భుజం మీద చెయ్యి వేసుకుని నడుచుకుంటూ వెళ్లాడు. అంతకుముందు ఎప్పుడూ వాళ్లిద్దరూ ముందొకరు వెనకొకరు వెళ్లేవారు.

త్యాగం గొప్పది అని నేను ఒక్క వాక్యం చేర్చి ఉంటే ఆ ప్రశ్న పుట్టేది కాదు.

మనం తెలుగువాళ్లం. ఒడియావాళ్ల కథలు మన పిల్లలకు చెప్పడం దేనికి?

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మనుషుల మధ్య గీత పడింది. కథలు ఆ గీతను పట్టించుకోలేదు. వంశధార ఒడిశా కొండల్లో పుట్టి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసినట్టే, అవి కూడా ఇటూ అటూ పారుతూనే ఉన్నాయి.

ప్రహ్లాదుణ్ణి చూడండి. గంజాం జిల్లాలో ప్రహ్లాద నాటకం ఇప్పటికీ రాత్రంతా ఆడతారు. మెట్లు మెట్లుగా చెక్కతో కట్టిన వేదిక, దాని పైన హిరణ్యకశిపుడు. నరసింహుడి ముఖాన్ని పూజ చేసి గాని ధరించరు. ఆ పాటల్లో దక్షిణాది రాగాలు మీ చెవికి వెంటనే తెలిసిపోతాయి. ఆ నాటకం జలంతర రాజు రామకృష్ణ ఛోటరాయ పేరు మీద ప్రచారంలో ఉంది. జలంత్రకోట ఇప్పుడు ఎక్కడుంది? శ్రీకాకుళం జిల్లాలో. అంటే తెలుగు జిల్లాలో ఉన్న కోట పేరుతో ఒడియా నాటకం. ఇటు మన సింహాచలం స్థలపురాణం, ప్రహ్లాదుణ్ణి తోయించిన కొండ అదేనంటుంది. ఒడిశా నుంచి ఆ కొండ ఎక్కేవాళ్లు తక్కువేమీ కాదు. ఇప్పుడు ఈ కథను మనది, వాళ్లది అని పంచమంటే ఎక్కడ కోస్తారు?

ఇంకో మాట కూడా ఉంది. మీ అబ్బాయి బడిలో పక్కన కూర్చునేది ఒడియా పిల్లవాడే. వాడికి తెలిసిన కథ మీవాడికీ తెలిస్తే ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఒక చోటు దొరుకుతుంది. మా చిన్నప్పుడు ఒకే ఇంట్లో చందమామ తెలుగులోనూ, అదే పత్రిక జహ్నమామూ పేరుతో ఒడియాలోనూ వచ్చేవి. 1947 జూలైలో తెలుగు, తమిళాల్లో మొదలైన పత్రిక అది, ఒడియా తరువాత వచ్చింది. నాకు ఒడియా అక్షరాలు బాగా పట్టుబడింది వాచకం వల్ల కాదు. బొమ్మ ఒకటే, కథ తెలిసిందే, ఇక అక్షరం దానంతటదే నోటికి వచ్చేది.

పాత కథల్లో ఆడపిల్లను వస్తువులా చూస్తారు. అవి చెప్పడం తప్పు కాదా?

ఈ ప్రశ్న అడిగిన తల్లికి నేను మొదట సరైన జవాబు చెప్పలేకపోయాను. మా అరుగు మీద పిల్లలే చెప్పారు.

కాంచీ విజయం కథ చెబుతున్నాను. గజపతి పురుషోత్తమదేవుడు, 15వ శతాబ్దపు ఒడిశా రాజు, కాంచీ రాకుమారి పద్మావతిని పెళ్లి చేసుకోవాలనుకుంటాడు. రథయాత్రలో రథాన్ని చీపురుతో ఊడ్చేవాడికి నా కూతుర్ని ఇవ్వనని ఆమె తండ్రి అంటాడు. జగన్నాథుడి ముందు రాజు కూడా సేవకుడేనని చూపే ఆచారం అది. అవమానపడిన గజపతి యుద్ధం చేస్తాడు. మొదట ఓడి, తరువాత గెలిచి, పద్మావతిని పట్టి తెస్తాడు. ఈమెను ఒక పాకీవాడికిచ్చి పెళ్లి చేయమని మంత్రికి చెబుతాడు. మంత్రి తెలివైనవాడు. ఏడాది ఆగి, రథయాత్ర రోజున రాజు చీపురు పట్టుకుని ఉండగా, ప్రభూ మీరు చెప్పిన వరుడు మీరేనని ఆమెను అప్పగిస్తాడు.

మగపిల్లలు చప్పట్లు కొట్టారు. మంత్రి యుక్తి అందరికీ నచ్చుతుంది, నాకూ నచ్చేది. ఆడపిల్లలు కొట్టలేదు. ఒక అమ్మాయి, “ఆ ఏడాదంతా పద్మావతి ఏం అనుకుని ఉంటుంది?” అంది. ఇంకో అమ్మాయి, “తనను పాకీవాడికి ఇమ్మన్న మనిషినే చేసుకోమంటే ఊరుకుందా?” అంది. మూడో అమ్మాయికి ఇంకో సందేహం: పాకీవాణ్ణి చేసుకోవడం శిక్ష ఎలా అవుతుంది, వాళ్లు మనుషులు కారా? మరుసటి ఆదివారం ఆ ముగ్గురూ కలిసి కథను పద్మావతి నోటితో చెప్పారు. అందులో మంత్రి ఇంట్లో ఆమె ఏడాది పాటు రోజూ వాకిలి ఊడుస్తుంది, చీపురు పట్టినవాడి చెయ్యి ఎలా కాయలు కాస్తుందో తెలుసుకుంటుంది. రథం దగ్గర గజపతి చేతులు చూసి, ఇవి ఏడాదికి ఒక్క రోజు ఊడ్చే చేతులు అంటుంది.

కథలో మరక ఉంటే కడిగేసి ఇవ్వకండి. కడిగితే ఆ అమ్మాయిలకు అడగడానికి ఏమీ మిగిలేది కాదు. అయితే ఒక షరతు నాది. చెప్పేవాళ్లు ఆ మరక దగ్గర పరుగెత్తకూడదు. ఆగాలి, పిల్లల ముఖాలు చూడాలి. కులం పేరు పెట్టి నవ్వించే కథలు మాత్రం నేను చెప్పను, వాటిలో ప్రశ్నకు చోటే లేదు.

ఇవి నిజంగా జరిగాయా అని పిల్లలు అడుగుతారు. ఏం చెప్పాలి?

తెలిసింది తెలిసినట్టు చెప్పండి. బొబ్బిలి యుద్ధం నిజంగా జరిగింది, 1757 జనవరి 24న. ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరం విజయరామరాజు ఒక వైపు, బొబ్బిలి రంగారావు ఇంకో వైపు. రాయగడ నుంచి రైలెక్కితే అదే బొబ్బిలి మీదుగా వెళతారు. తాండ్ర పాపారాయుడి గురించి బుర్రకథ చెప్పేవాళ్లు చేర్చిన మాటలు మాత్రం చరిత్ర కావు, అవి విన్నవాళ్ల గుండె నుంచి వచ్చినవి. రెండూ చెప్పండి, ఏది ఏదో కూడా చెప్పండి. పిల్లలు కలగాపులగం చేసుకోరు.

మహేంద్రగిరి సంగతి వేరు. మన గజపతి జిల్లాలోనే 1,501 మీటర్ల ఎత్తున ఉంది. కుంతి గుడి, భీముడి గుడి, ధర్మరాజు గుడి అని పిలిచే రాతి గుళ్లు పైన ఉన్నాయి. శివరాత్రికి ఇటునుంచీ అటునుంచీ జనం ఎక్కుతారు. పరశురాముడు ఇంకా అక్కడే తపస్సు చేస్తున్నాడని మా అమ్మమ్మ నమ్మకం. చిన్నప్పుడు ఆ కొండ ఎక్కుతూ నేను మాట్లాడకుండా నడిచాను, ఆయన నిద్ర చెడుతుందని. ఆ భయం వల్లనే నాకు అక్కడి గాలి చప్పుడు ఇప్పటికీ గుర్తుంది.

మా అమ్మాయికి తెలుగు మాట వచ్చు, అక్షరాలు రావు. కథలు అర్థమవుతాయా?

అవుతాయి. అసలు కథ చెవి కోసం పుట్టింది. తెలుగు బడి దూరమైన మన ఊళ్లలో చాలామంది పిల్లలకు ఇంట్లో మాట తప్ప వేరే తెలుగు లేదు. అది వాళ్ల తప్పు కాదు. మీ బాధ నాకు తెలుసు, మా మనవడిదీ అదే పరిస్థితి.

మన ఊరి మాస్టారినే తలుచుకోండి. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ, కొండల మీది సవరల భాష నేర్చుకున్నారు. ఆ భాషకు అప్పుడు పుస్తకం లేదు. సవరల పాటలు, కథలు వాళ్ల నోటి నుంచి విని రాసుకున్నారు. 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది. పుస్తకం లేని భాషలోనూ కథలు నిండుగా ఉంటాయని కళ్లారా చూసిన మనిషి కాబట్టే, తెలుగును కూడా జనం మాట్లాడేటట్టు రాయాలని జీవితాంతం పోరాడారని నాకు అనిపిస్తుంది. ఆ మాస్టారు నడిచిన ఊళ్లో, అక్షరం రాదు కాబట్టి కథ వద్దు అనడం నాకు ఒప్పదు.

అక్షరాలు కూడా నేర్పండి. కథ ముందు, అక్షరం వెనక.

మధ్యలో ఒడియా మాటలు వచ్చేస్తాయి. ఫరవాలేదా?

ఫరవాలేదు. పిల్లవాడు కథ తిరిగి చెప్పేటప్పుడు మాటకోసం తడుముకుంటే ఒడియా మాట వేయనివ్వండి, తరువాత తెలుగు మాట మీరు అందించండి. నడుమ ఆపి దిద్దితే వాడు మళ్లీ చెప్పడు.

ఫోనులో బొమ్మలతో సహా ఉన్నాయి కదా, అవి చాలవా?

చూడనివ్వండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ పుట్టలో వేలు ఎందుకు పెట్టాడని ఫోనును అడిగితే అది ఆగి, నువ్వే చెప్పు అనదు. తరువాతి బొమ్మకు వెళ్లిపోతుంది.

నాకు కథ చెప్పడం రాదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

రాదు అన్నవాళ్లలో ఎక్కువమందికి వచ్చు, చెప్పి చాలాకాలమైంది అంతే. మా అమ్మమ్మ కథకురాలేమీ కాదు. నౌపడా నుంచి గుణుపురం వెళ్లే చిన్న రైలు ఎక్కితే, దారి పొడవునా మేము గోల పెట్టకుండా ఉండటానికి చెప్పేది. 1900లో నౌపడా, పర్లాకిమిడిల మధ్య మొదలైన బండి అది. మెల్లగా వెళ్లేది కాబట్టి కథ కూడా మెల్లగా సాగేది. స్టేషను వచ్చినప్పుడు ఆపేసి, బండి కదిలాక “ఊఁ, ఎక్కడున్నాం?” అని అడిగేది. మేము చెబితేనే ముందుకు సాగేది. అంతకుమించిన విద్య నాకూ రాదు.

మీ ఇంట్లో ఏ కథ ఉందో దానితో మొదలుపెట్టండి. ఏడు చేపల కథే అయినా, మీ అమ్మగారు గడ్డిమేటు తరువాత ఏం చెప్పేవారో ఒకసారి ఫోను చేసి అడగండి. మా అరుగు మీద ఇప్పటికి నాలుగు రకాలు పోగయ్యాయి. కాశీనగర్ నుంచి వచ్చిన ఒకావిడ చెప్పినదాంట్లో చీమ మాట్లాడాక పిల్లవాడు కూడా ఒక మాట అంటాడు. ఆ మాట ఏమిటో వాళ్ల అత్తగారికి మాత్రమే పూర్తిగా గుర్తుందట. వచ్చే ఆదివారం ఆమెను తీసుకొస్తానన్నారు. ఐదున్నరకు మొదలవుతుంది. చలి పడుతోంది కాబట్టి పిల్లలకు ఒక దుప్పటి ఇచ్చి పంపండి.